వేలి మందం కుడికి

మొహాలు నాకు గుర్తుండవు. మనిషి ఎలా కూర్చుంటాడో మాత్రం ఒక్కసారి చూస్తే చాలు, జన్మలో మర్చిపోను. ఫాంటానాలో ఫుట్‌హిల్ రోడ్డు మీద నాకు సీట్లు కుట్టే దుకాణం ఉండేది. కార్ల సీట్లు, లారీల సీట్లు, అన్నిటికంటే ఎక్కువగా మోటారు సైకిళ్ళ సీట్లు. ఎవరైనా పాత సీటు తెచ్చి బల్ల మీద పడేస్తే, తోలు మీద పడ్డ గుంట చూసి అది ఎవరిదో చెప్పేసేవాణ్ణి. మా ఆవిడ కాన్సువేలో దీన్ని జబ్బు అంటుంది. అననీ. ఆ జబ్బే మాకింత తిండి పెట్టింది.

వెర్లిన్ టాకెట్ సీటులో గుంట ఎప్పుడూ ఎడమ వైపు పడేది. కుడి పక్క తోలు కొత్తదానిలా నిగనిగలాడుతుంటే, ఎడమ పక్క అరిగిపోయి దారాలు పైకి తేలేవి. కొన్నాళ్ళకోసారి ఎడమ సగం విప్పి మళ్ళీ కుట్టేవాణ్ణి. నీకు సగం సీటు చాలురా, మిగతా సగం ఎవరికైనా అద్దెకిచ్చుకో అని ఏడిపించేవాణ్ణి. వాడు నవ్వి ఊరుకునేవాడు. ఒంటరిగా రోడ్డు మీద పోతున్నప్పుడు కూడా వెనకనించి చూస్తే ఎడమకి కాస్త ఒరిగి కనపడేవాడు, బండి మీద ఇంకెవరో ఉన్నట్టు. వాడి నడుము తీరే అంత అనుకున్నాం అందరం.

ఓక్లహోమాలో పత్తి చేలు ఇసుక కింద పడిపోయిన రోజుల్లో వాళ్ళ నాన్న పిల్లల్నీ పరుపుల్నీ ఒకే లారీలో వేసుకుని ఇటు వచ్చాడట. ఆ ప్రయాణంలో వెర్లిన్‌కి గుర్తున్నది ఒకటే. పరుపుల మీద బోర్లా పడుకుని, వెనక్కి పోతున్న రోడ్డును చూస్తూ ఉండటం. ఇక్కడి ద్రాక్షతోటల్లో కాయలు కోస్తూ పెరిగాడు. మీసాలొచ్చాక ఉక్కు ఫ్యాక్టరీలో చేరి గొట్టాలు అతికే పని నేర్చుకున్నాడు. మా ఊళ్ళో చాలామంది బతుకు ఆ ఫ్యాక్టరీయే. సాయంత్రాలు కొలిమిలో మిగిలిన చిట్టాన్ని కరిగింది కరిగినట్టే తెచ్చి గుట్ట మీద పోసేవాళ్ళు. ఆకాశమంతా ఎర్రబడేది. కోళ్ళ ఫారాల్లో పుంజులు తెల్లారిందనుకుని కూసేవి. అలా మా ఊరికి రోజూ ఇంకో పొద్దు పొడిచేది. ఆ దొంగ వెలుగులోనే, యూకలిప్టస్ చెట్ల వరస వెనక, వెర్లిన్ షెడ్డు తలుపు తెరుచుకునేది.

ఆ షెడ్డులో వాడు పాత మోటారు సైకిళ్ళను కోసి కొత్తగా అతికేవాడు. మావాళ్ళు వాటిని హార్డ్‌టెయిల్ అంటారు. బండి వెనక భాగాన్ని స్ప్రింగులతో సహా కోసి పారేసి, ఆ చోట కదలని గొట్టాలు అతకడం, అంతే. సీటు నేలకి దగ్గరగా దిగిపోతుంది. తల నుంచి తోక దాకా బండి ఒకే గీతలా ఉంటుంది. దారిలో ఉన్న ప్రతి గతుకూ నేరుగా నడుముకి తగులుతుంది. ఎందుకు నాయనా ఈ కష్టం అంటే మావాళ్ళెవరూ సరిగా చెప్పలేరు. నేల తెలియాలి అంటారు. అరగంట నడిపాక నడుం పట్టుకుని దిగుతారు, మొహం మాత్రం వెలిగిపోతూ ఉంటుంది.

వెర్లిన్ పని మొదలుపెట్టే పద్ధతి వేరు. బండి నడపబోయేవాణ్ణి షెడ్డులో సిమెంటు నేల మీద పక్కకి తిరిగి పడుకోమనేవాడు. కాళ్ళు ముడుచుకుని, చేతులు ముందుకి చాచి, కళ్ళు మూసుకోవాలి. "ఎక్కడికి పోతున్నావు?" అని అడిగేవాడు. మొదట్లో అందరూ నవ్వేవాళ్ళు. కాసేపటికి ఒకడు సముద్రం దాకా అనేవాడు, ఇంకొకడు చచ్చిపోయిన అన్న దగ్గరికి అనేవాడు. వాడు చెబుతూ ఉండగా వెర్లిన్ మోకాళ్ళ మీద పాకుతూ వాడి ఒంటి చుట్టూ సుద్దతో గీత గీసేవాడు. మనిషి లేచాక ఆ గీత కింద చక్రాలు గీసేవాడు, గొట్టాలు గీసేవాడు. మనిషి ముందు, బండి తర్వాత. పని అయిపోయాక తడి చీపురుతో నేల కడిగేసేవాడు.

ఇంకో రెండు నియమాలు కూడా ఉండేవి. ఒకటి, ఫ్రేము కోసేటప్పుడు ఇంజిను దించకూడదు. బరువైన ఇంజిను బోల్టులతో బిగిసి ఉంటే గొట్టాలు కదలవు. దించేసి కోశావా, ఏళ్ళ తరబడి లోపల అణిగి ఉన్న బిగువంతా ఒక్కసారి వదిలి ఫ్రేము నోరు తెరుస్తుంది. ఈ ముక్క వెర్లిన్ ఊళ్ళో కుర్రాళ్ళందరికీ చెవుల్లో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు. రెండోది దారం. తయారైన ఏ బండైనా శనివారం నలుగురి ముందూ దారానికి నిలబడాల్సిందే. వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా దారం లాగి పడితే, రెండు చక్రాలనీ ఒకేలా తాకాలి. వెర్లిన్ అతికిన బండి ఏనాడూ దారం దగ్గర తలొంచుకోలేదు. వాడికున్న గర్వమల్లా అదే.

వాడి భార్య ఇడెల్లా కోడిగుడ్ల ఫారంలో పనిచేసేది. చీకటి గదిలో దీపానికి ఎదురుగా ఒక్కో గుడ్డునీ పట్టి, లోపల బాగుందో లేదో చూసే పని. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు చిక్కిపోయింది, పొట్టిదైపోయింది. ఎడమ చెప్పు కింద మందపాటి చెక్క ఉండేది. ఆవిడ నడిచి వస్తుంటే ముందు చెక్క చప్పుడు వినపడేది, తర్వాత ఆవిడ మాట, ఆ మాట చెక్కకంటే గట్టిగా ఉండేది. పెళ్ళికి ముందు నుంచీ వెర్లిన్ వెనక వాడి పాత ఇంగ్లీషు మోటారు సైకిలు మీద కూర్చుని ఆవిడ తిరగని చోటు లేదు.

ఒక ఆదివారం వాళ్ళింట్లో చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న రొట్టె తింటున్నాం. అప్పటికి వారం క్రితమే డాక్టరు ఇడెల్లా తుంటి ఎముక అరిగిపోయిందని చెప్పాడు. వచ్చే ఏటికి నడుము దాకా ఇనప పట్టీలు, ఆ తర్వాత చక్రాల కుర్చీ. ఆ సంగతి ఎవరం ఎత్తలేదు. ఆవిడే ఎత్తింది.

"ఎల్ మిరాజ్ మీద ఒక్కసారి బండి నేను నడపాలి. నేనొక్కదాన్నే."

ఎల్ మిరాజ్ కొండలకి అవతల ఉన్న ఎండిపోయిన సరస్సు. నేల బల్లపరుపుగా, తెల్లగా, ఒక్క గతుకు లేకుండా కనుచూపు మేర పరుచుకుని ఉంటుంది. వెర్లిన్ చెంచా కింద పెట్టేశాడు. నా వెనక కూర్చుని ఎన్నిసార్లు రాలేదు అక్కడికి అని గొణిగాడు.

"వచ్చాను. నీ వీపు మంచిదే వెర్లిన్, కాదనను. కానీ ఇన్నేళ్ళూ నేను చూసింది అదొక్కటే. నా ముందు ఎవరి వీపూ లేకుండా ఒక్కసారి పోవాలి."

ఇంక ఆ పూట రొట్టె ఎవరికీ దిగలేదు.

ముందు మా స్నేహితుల బండ్లు తెచ్చి తోట పక్క మట్టిదారిలో నేర్పాం. సీట్లు ఎత్తు. ఆగితే ఆవిడ ఎడమ కాలు నేలకి అందదు. అదొక్కటే అయితే ఎలాగో సర్దేవాళ్ళం. ఏ బండి ఎక్కినా అది కుడికే లాగేది. నాలుగు బారలు పోయేసరికి ద్రాక్ష పందిట్లోకి దూరిపోయేది. జుట్టులో ఆకులతో, మోచేతులు గీరుకుపోయి లేచి వచ్చి మళ్ళీ ఎక్కేది. ఎందుకు లాగుతోందో నాకు చూడగానే తెలిసింది. చిక్కిన ఎడమ తుంటి బరువు ఆపలేదు, ఒళ్ళంతా కుడి మీద ఆనించి కూర్చుంటుంది. అది నా విద్య కదా అని పొంగిపోయి, ఎడమ వైపు ఎత్తుగా ఒక దిండు కుట్టి తీసుకెళ్ళాను.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా ఒళ్ళో పెట్టేసింది. "చిన్నప్పట్నించీ నా కింద ఏదో ఒకటి పెడుతూనే ఉన్నారు రూడీ. బళ్ళో పుస్తకం, చర్చిలో దిండు, చెప్పు కింద చెక్క. ఇప్పుడు బండి మీద కూడానా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మంచికి పోతే ఇదా అని దిండు తెచ్చి దుకాణంలో మూలకి విసిరికొట్టాను. పిల్లి దాని మీద పడుకోవడం మొదలుపెట్టింది. అది కూడా ఒక పక్కకే ఒరిగి పడుకునేది.

ఆ తర్వాతే వెర్లిన్ తన ఇంగ్లీషు బండిని కోసేస్తానన్నాడు. తేలికైన బండి, ఇడెల్లా కుడి కాలితో స్టార్టు చేయగలదు, దాని చప్పుడు ఆవిడకి తన గుండె చప్పుడంత అలవాటు. హార్డ్‌టెయిల్ చేస్తే సీటు దిగుతుంది, కాళ్ళు అందుతాయి. అన్నీ నిజమే. కానీ అది వాడి పెళ్ళినాటి బండి. అలాంటి ఫ్రేములు అప్పటికే దొరకడం మానేశాయి. కోతలో పాడైతే ఇంకోటి వెతికేదాకా ఇడెల్లా తుంటి ఆగదు. నీ చెయ్యి వణికితే నీ బండీ పోతుంది, ఆవిడ కోరికా పోతుంది, చూసుకో అన్నాను. చూసుకుంటాలే అన్నాడు.

చలికాలం మధ్యాహ్నం. బయట ఎడారి గాలి చెట్లని దులుపుతోంది, షెడ్డులో మాత్రం తలుపు సందులోంచి ఎండ ఒక చాపంత పరుచుకుని వెచ్చగా ఉంది. ఇడెల్లా చెప్పులు విడిచి నేల మీద కూర్చుంది. పక్కకి తిరిగి పడుకోబోతే తుంటి నొప్పి. ఇటు తిరిగినా అంతే. చివరికి, నేను బోర్లా పడుకుంటాను అంది. బోర్లా పడుకుంటే ఎత్తు కొలత ఎలా వస్తుంది, ఆ గీత దేనికి పనికొస్తుంది అని నేను నసిగాను. ఎత్తు కావాలంటే పెట్టె మీద కూర్చోబెట్టి తర్వాత చూసుకుంటాం, పడుకోనీ అన్నాడు వెర్లిన్.

ఆవిడ చెంప నేలకి ఆనించి, చేతులు ముందుకి చాచి కళ్ళు మూసుకుంది. వెర్లిన్ సుద్ద పట్టుకుని మోకాళ్ళ మీద వంగాడు. కట్టుకున్న పెళ్ళాన్ని అడగడానికి వాడికి సిగ్గేసినట్టుంది, గొంతు సవరించుకున్నాడు.

"ఎక్కడికి పోతున్నావు?"

సుద్ద భుజం దాటి నడుము దాకా వచ్చింది. అప్పుడు ఆవిడ నిద్రలో మాట్లాడినట్టు అంది. నేల తెల్లగా ఉందట. గాలి ఎదురుగా వస్తోందట, పక్కనించి కాదట. ముందు ఏమీ లేదట. ఆ మాట అన్నాక ఇంకేం వినపడలేదు. చూస్తే నిద్రపోయింది. మేమిద్దరం లేపలేదు. ఎండ చాప మెల్లగా జరిగి ఆవిడ వీపు మీదకి ఎక్కింది. గీసిన గీత మధ్య ఆవిడ ఊపిరి తీస్తుంటే, నాకు నిజంగానే ఎక్కడికో పోతున్నట్టు కనిపించింది. ఎంతసేపు అలా చూస్తూ ఉన్నామో తెలియదు.

ఆవిడ లేచి వెళ్ళాక నేల మీద గీత మిగిలింది. తల, చాచిన చేతులు, వీపు. నడుము దగ్గర మాత్రం, కిటికీలో పెట్టిన మొక్క వెలుతురు వైపు వంగినట్టు, కుడికి చిన్న వంపు. దాని కింద వెర్లిన్ చక్రాలు గియ్యలేదు. నేల కడగనూ లేదు.

మరుసటి వారం సీటు కొలతల కోసం వెళ్ళాను. ఇంజిను బల్ల మీద ఉంది, పైన దుప్పటి కప్పి. ఫ్రేము బోసిగా స్టాండు మీద ఉంది. రంపం కింద పడి ఉంది. వెర్లిన్ స్టూలు మీద కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు.

"ఒరే, ఇంజిను దించేసి కోశావా?"

"బండిలా కనపడుతుంటే రంపం పెట్టలేకపోయాను రూడీ. పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. అన్నీ విప్పేస్తే ఉత్త గొట్టాలే కదా, చెయ్యి వస్తుందనుకున్నాను."

చెయ్యి వచ్చింది. ఫ్రేము నోరు తెరిచింది. వెనక భాగం ఉండాల్సిన చోటు నుంచి కుడికి ఒక వేలి మందం జరిగిపోయింది. ఎంతమంది కుర్రాళ్ళకి నీతులు చెప్పావురా అని నోటిదాకా వచ్చింది కానీ, వాడి మొహం చూసి మింగేశాను. ఇంటికి వెళ్ళిపో, కాసేపు ఒక్కణ్ణే ఉంటానన్నాడు. తర్వాత చాలా రోజులు షెడ్డు తలుపు తెరుచుకోలేదు. సాయంత్రం ఆకాశం ఎర్రబడేది, పుంజులు కూసేవి, తలుపు మూసే ఉండేది. లోపల వెల్డింగు వెలుగు మాత్రం సందుల్లోంచి నీలంగా మెరిసేది.

తలుపు తెరిచిన రోజు మేమంతా నోరెళ్ళబెట్టాం. అంత అందమైన బండి వాడు అంతకుముందు చెయ్యలేదు. అతుకులు ఎక్కడున్నాయో వేలితో తడిమినా దొరకలేదు. బాయిడ్ కిమ్సీ జేబులోంచి దారం తీశాడు. ఫ్యాక్టరీలో క్రేను నడిపే మనిషి, క్రేను మీద ఉన్నా నేల మీద ఉన్నా ఒకటే గొంతు. వాడు ఒక కొస వెనక చక్రానికి పట్టాడు, నేను ఇంకో కొస ముందుకు లాగాను. దారం ముందు చక్రాన్ని తాకలేదు. మధ్యలో నా చూపుడు వేలు సరిగ్గా పట్టేంత ఖాళీ.

దారం అబద్ధం చెప్పిందేమో అన్నట్టు బాయిడ్ బండెక్కి దారిలోకి పోనిచ్చాడు. కాస్త దూరం పోయిందో లేదో అది ఎడమకి లాక్కుపోయి నీళ్ళ కాలవలో దింపింది. మోకాళ్ళ దాకా బురదతో బాయిడ్ బండిని తోసుకుంటూ వచ్చి, ఇది బండి కాదు, ఎండ్రకాయ అన్నాడు. అందరూ నవ్వారు. వెర్లిన్ గుడ్డ తీసుకుని చక్రాల బురద తుడవడం మొదలుపెట్టాడు.

వాళ్ళు వెళ్ళాక నేను అరిచాను. మళ్ళీ కొయ్యి, మళ్ళీ అతుకు, ఎన్ని రోజులైనా సరే, ఇలా వదిలెయ్యకు అన్నాను. రంగు వేస్తాను అన్నాడు వాడు. ఏం రంగు అని అడిగేంత ఓపిక నాకు లేదు. వెళ్ళబోతుంటే వెనకనించి, సీటు సమానంగా కుట్టు, ఎత్తులూ పల్లాలూ పెట్టకు అన్నాడు. ఆ సీటు కుడుతూ కోపంతో సూదులు విరగ్గొట్టాను. కానీ కుట్టు మాత్రం సూటిగా వచ్చింది. నా చెయ్యి నా కోపం మాట వినదు.

భయం వేరే ఉంది. ఆ బండి మీంచి పడితే ఇడెల్లా తుంటి ఇంక ఆ ఏడాది కూడా ఆగదు. ఉండబట్టలేక గుడ్ల ఫారానికి వెళ్ళాను. చీకటి గదిలో ఆవిడ చేతిలో గుడ్డు దీపానికి ఎదురుగా గులాబీ రంగులో వెలుగుతోంది. నేను అంతా చెప్పేశాను. దారం సంగతి, కాలవ సంగతి. ఫ్రేము వంకర వచ్చింది, వాడు ఒప్పుకోవట్లేదు, నువ్వు ఎక్కకు అన్నాను.

ఆవిడ గుడ్డును మెల్లగా తిప్పి చూసి అట్టపెట్టెలో పెట్టింది. "వంకరగా ఉంటే పక్కన పెట్టెయ్యాలంటావు. బండి గురించేనా రూడీ, నువ్వనేది?"

బయటికొచ్చాక ఎండకి కళ్ళు మూసుకుపోయాయి.

వసంతంలో ఒక ఉదయం బండిని ట్రక్కులో ఎక్కించుకుని కహోన్ కనుమ దాటాం. వెర్లిన్ దానికి వేసిన రంగు తెలుపు, సుద్ద తెలుపు. బాయిడ్ తన బండి మీద వెనకాలే వచ్చాడు, తమాషా చూడ్డానికి. ఇడెల్లా దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది. సరస్సు దగ్గర దిగితే చప్పుడనేదే లేదు. దూరంగా నేల కరిగి నీళ్ళలా కదులుతోంది, కొండలు ఆ నీళ్ళలో తేలుతున్నాయి.

ఆవిడ సీటు మీద కూర్చుంది. కుడి కాలితో తన్నింది, ఇంజిను ఒక్క తన్నుకే అందుకుంది. వెర్లిన్ పట్టుకున్న చెయ్యి తీసేశాడు. నా చేతులు ఉట్టి గాలిలోనే హ్యాండిల్ పట్టుకున్నట్టు బిగుసుకుపోయాయి. ఇప్పుడు కుడికి లాగుతుంది, ఇప్పుడు పడుతుంది అనుకుంటున్నాను. బండి కదిలింది. కుడికి లాగలేదు. ఎడమకీ లాగలేదు. మెల్లగా మొదలై, గేరు మారి, ఇంకా ముందుకు పోయింది. ఆవిడ జుట్టు ముడి ఊడి వెనక్కి ఎగిరింది. చప్పుడు సన్నబడింది. కదిలే ఆ నీళ్ళ దాకా వెళ్ళేసరికి చక్రాలు నేలని వదిలేసి తేలుతున్నట్టు కనిపించింది. ఆ తర్వాత ఒక చుక్క. బాయిడ్ టోపీ తీసేసి చేత్తో పట్టుకున్నాడు.

చుక్క ఆగిపోయింది. తిరిగి రాలేదు. కంగారుగా వెర్లిన్ వైపు చూశాను.

"పెట్రోలు కొంచెమే పోశాను" అన్నాడు. "ఎక్కువ పోస్తే ఆగదేమోనని భయమేసింది."

ట్రక్కు తీద్దామంటే వద్దన్నాడు, నడుద్దాం అన్నాడు. బండి జాడ పట్టుకుని నడిచాం. బాయిడ్ బండి వచ్చిన దారిలో దుమ్ము మీద ఒకటే గీత ఉంది. వెనక చక్రం ముందు చక్రం జాడ మీదే పోయింది. ఇడెల్లా వెళ్ళిన దారిలో రెండు గీతలు. మధ్యలో వేలి మందం ఖాళీ. అవి కలవనూ లేదు, విడిపోనూ లేదు. అలా పక్కపక్కనే, ఎక్కడా వంకర పోకుండా, కనపడినంత దూరం ఉన్నాయి. నేను వంగి వేలు పెట్టి చూశాను. అప్పుడు నాకు నేల మీద సుద్ద గీత గుర్తొచ్చింది.

"ఒరే, కావాలనే చేశావా?"

"లేదు. ఫ్రేము నోరు తెరిచినప్పుడు ఏడ్చాను. పాడైపోయిందనుకున్నాను. తర్వాత కింద నేల మీద చూస్తే, ఫ్రేము ఎటు జరిగిందో ఇడెల్లా నడుమూ అటే ఉంది. లాగి సరిచేద్దామని గొట్టం పట్టుకున్నాను. ఆవిణ్ణే లాగుతున్నట్టనిపించింది. అలాగే అతికేశాను."

"మరి చెప్పి చావొచ్చుగా? నలుగురిలో నవ్వులపాలయ్యావు."

"చెప్తే నీ దిండు లాంటిదే అనుకునేది. కింద ఏదో పెట్టాననుకునేది. దారం పోతే పోయింది." కొంత దూరం నడిచాక మళ్ళీ అన్నాడు, "వెనక కూర్చుంటే ఆవిడ బరువు కుడికి పడేది కదా. ఇన్నేళ్ళూ నేను ఎడమకి ఒరిగి పట్టుకున్నాను. అలవాటైపోయింది. ఇప్పుడు బండి పట్టుకుంటుంది."

నేను నడవడం ఆపేశాను. ఎన్నిసార్లు ఆ ఎడమ సగం విప్పి కుట్టానో, ఎన్నిసార్లు అద్దెకిచ్చుకోమని వెక్కిరించానో. గుంట చూసి మనిషిని చెప్పగలనని ఊరంతా టముకు వేసుకున్నవాణ్ణి. ఆ గుంట చేసిన మనిషి ఇడెల్లా అని నాకు తెలియలేదు.

ఆవిడ బండి మీదే కూర్చుని మా వైపు తిరిగి చూస్తోంది. చెక్క అతికిన ఎడమ చెప్పు విప్పేసి, తాడుతో హ్యాండిల్‌కి తగిలించింది. అది గాలికి ఊగుతోంది. బండి కాస్త ఎడమకి ఒరిగి ఉంది. ఆవిడ రెండు పాదాలూ, ఎత్తు ఏమీ లేకుండా, తెల్లటి నేలకి పూర్తిగా ఆని ఉన్నాయి. మడమలతో సహా.

"ఎవరి వీపూ లేదు వెర్లిన్" అంది.

వెర్లిన్ తల ఊపాడు. పెట్రోలు ఎంత పోశావో చూశాను, నేనేం గుడ్డిదాన్ని కాదు అని కూడా అంది. వాడు ఆవిడ రెండు చేతులూ పట్టుకుని దించాడు. దిగి, చెప్పు లేకుండానే, వాడి భుజం ఆసరాతో నిలబడి, తను వచ్చిన దారిని చూసుకుంది. చాలాసేపు చూసింది.

నేను సీటు వైపు చూశాను. అలవాటు, ఏం చేస్తాం. సన్నటి దుమ్ము తోలంతా తెల్లగా పట్టేసింది. ఆవిడ కూర్చున్న మేర మాత్రం నల్లగా, శుభ్రంగా ఉంది. వేళ్ళతో అటు కొలిచాను, ఇటు కొలిచాను. సరిగ్గా మధ్యలో ఉంది.